గిరి గీసుకున్నది ఎవరు? టారో బొమ్మల ముందు మన దురలవాట్లు, మన “నావల్ల కాదు”లు

అరండల్‌పేట అక్షరం (గుంటూరు)

సభ్యులందరికీ నమస్కారం. టారో కార్డులతో జాతకం చెప్పించుకోవడం నా ఉద్దేశం కాదని ముందే మనవి చేస్తున్నాను. ఆ కార్డుల మీది బొమ్మలను ఎదురుగా పెట్టుకుని, మన దురలవాట్లనూ, మన చుట్టూ మనమే గీసుకున్న గిరులనూ పరిశీలించుకోవచ్చా అన్నది ఈ చర్చ. ఏడు నెలలుగా నేను ఆ పని చేస్తున్నాను కనుక నా అనుభవం ముందు రాస్తాను, సందేహాలు తరువాత అడుగుతాను.

మిర్చి నిల్వ చేసే ఒక కోల్డ్ స్టోరేజీలో పదహారేళ్లుగా లెక్కలు రాస్తున్నాను. ఏ రైతువి ఎన్ని టిక్కీలు ఏ గదిలో ఉన్నాయో, ఎవరి అద్దె ఎంత బాకీ ఉందో పుస్తకం తెరవకుండా చెప్పగలను. అయినా బ్యాంకు అధికారులు వచ్చినప్పుడో, రైతులతో సమావేశం జరిగినప్పుడో నోరు విప్పవలసి వస్తే పక్కవాళ్ల ముఖం చూస్తాను. “నాకు లెక్కలే వచ్చు, మాట రాదు” అన్నది చిన్నప్పుడు ఎవరైనా అన్న మాటో, నాకు నేనే అనుకున్నదో ఇప్పుడు గుర్తు లేదు గాని, ఆ ఒక్క వాక్యాన్ని అడ్డం పెట్టుకుని మేనేజరు బాధ్యతను రెండుసార్లు వద్దన్నాను. రెండోసారి అది నాకంటే ఆరేళ్లు చిన్నదైన ఒక అమ్మాయికి దక్కింది. ఆ తరువాత నేను చేసినది రాయడానికి సిగ్గుగా ఉంది. ఆమె అడిగిన వివరాలు చేతిలో ఉండి కూడా ఆలస్యంగా ఇచ్చాను. ఆమె వేసిన ఒక తప్పుడు పద్దును ముందే గమనించి, అది యజమాని కంట పడేదాకా మాట్లాడకుండా ఊరుకున్నాను.

టారో కట్టలో కత్తుల ఎనిమిది అనే కార్డు ఉంది. ఒక స్త్రీకి కళ్లకు గంత కట్టి, చేతులు కదలకుండా ఒంటి చుట్టూ గుడ్డ చుట్టి ఉంటుంది. చుట్టూ ఎనిమిది కత్తులు నేలలో దిగి ఉంటాయి, వెనక దూరంగా కొండ మీద కోట కనిపిస్తుంది. ఆ బొమ్మను మొదటిసారి చూసినప్పుడు ఆమె మీద జాలి కలిగింది. మూడో రోజో నాలుగో రోజో కాళ్లు గమనించాను. ఆమె కాళ్లకు కట్టు లేదు, ముందు వైపు కత్తి కూడా లేదు. గంత కట్టినది ఎవరని ఎంత ఆలోచించినా సమాధానం దొరకలేదు. ప్రశ్న మార్చి, గంత తీస్తే మొదట ఏమి చూడవలసి వస్తుందని నోటు పుస్తకంలో రాసుకున్నాను. నాకు మాట రాదన్నది నిజమో కాదో పరీక్షకు పెట్టకుండా ఉన్నంతకాలం, ఆ కుర్చీ నాకు దక్కవలసిందే అని లోపల నమ్ముకోవచ్చు, కూర్చున్నవాళ్లను చూసి కుళ్లుకోవచ్చు. వినయం అని నేను అనుకున్నది మాత్సర్యానికి కాపలా కాస్తున్నదని ఆ పేజీ రాస్తుండగా అర్థమైంది.

నా పద్ధతి ఇది. కార్డులన్నీ బొమ్మ పైకి కనిపించేలా పరుస్తాను, నేను తరచుగా చెప్పే సాకుకు దగ్గరగా ఉన్న బొమ్మను తెలిసే ఎంచుకుంటాను, పావుగంట రాస్తాను. కలిపి, చూడకుండా తీయాలని కొందరంటారు. ఏది మేలు? వ్యసనం వంటి పెద్ద విషయానికి ఇది పనికి వస్తుందా? మీ అనుభవాలు తెలియజేయండి.

కృష్ణ ఒడ్డు (విజయవాడ)

అక్కా, మీరు మాత్సర్యం గురించి ఇంత నిజాయితీగా రాశారు కనుక నేను కూడా దాచకుండా రాస్తాను. నాకు 34 ఏళ్లు, ఆటోనగర్‌లో లారీల విడిభాగాల దుకాణం ఉంది. ఫోనులో రమ్మీ ఆడి నాలుగేళ్లలో ఆరు లక్షలకు పైగా పోగొట్టుకున్నాను. 2020లో మన రాష్ట్రం డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించినప్పుడు ఆగవలసింది, నేను ఆగలేదు. ఫోను వేరే రాష్ట్రంలో ఉన్నట్టు చూపించే దారి వెతుక్కుని మరీ ఆడాను. ఆగి ఇప్పటికి రెండేళ్లు దాటింది.

నన్ను కట్టిపడేసిన నమ్మకం మన ఇళ్లలో అందరూ వాడే సామెతే: పోగొట్టుకున్న చోటే వెతుక్కోవాలి. ఉంగరం పోయినప్పుడు అది మంచి సలహా. రమ్మీ బల్ల దగ్గర అదే మాట నన్ను ప్రతి రాత్రీ మళ్లీ కూర్చోబెట్టింది.

టారోలో సైతాను ముక్కను మా బావమరిది ఫోనులో చూపించాడు. కొమ్ములు, గబ్బిలం రెక్కలు ఉన్న ఆకారం ఒక నల్లని దిమ్మె మీద కూర్చుని ఉంటుంది, దిమ్మెకు ఒక పురుషుడినీ, ఒక స్త్రీనీ గొలుసులతో కట్టి ఉంటుంది. ఆ గొలుసులు మెడ చుట్టూ వదులుగా, తల మీదుగా తీసేయగలిగినంత వెడల్పుగా ఉన్నాయి. దాన్ని చూసి నాకు ధైర్యం రాలేదు, కోపం వచ్చింది. ఇంత తేలికగా తీయగలిగినదే అయితే నాలుగేళ్లు ఎందుకు తీయలేదని నన్ను నేను తిట్టుకున్నాను. చాలా రోజుల తరువాత అదే బొమ్మలో ఇంకొకటి కనిపించింది. పక్కన ఉన్న స్త్రీ మెడలో కూడా గొలుసు ఉంది. ఆమె ఆడలేదు. మా ఆవిడ కూడా ఒక్క ఆట ఆడలేదు.

మీరు అడిగిన ప్రశ్నకు నా సమాధానం చెబుతాను. నేను కట్ట చేత పట్టను. ముక్కలు కలిపే చప్పుడు వింటే ఇప్పటికీ వేళ్లు జివ్వుమంటాయి. తెలియని ముక్క తిప్పి చూసే ఆ క్షణం నాకు విషం. అందుకే కావలసిన బొమ్మ ఒక్కటి జిరాక్స్ షాపులో రంగు కాగితం మీద తీయించుకుని, నోటు పుస్తకంలో అంటించుకుంటాను. చూడకుండా తీసే పద్ధతి ఎవరికి మంచిదైనా, పేకాట వ్యసనం ఉన్నవాళ్లకు మాత్రం వద్దని చేతులు జోడించి చెబుతున్నాను.

పటమట పాఠకుడు (విజయవాడ)

ఇద్దరి మాటలూ శ్రద్ధగా చదివాను. మీ నిజాయితీ పట్ల గౌరవంతోనే నా అభ్యంతరం చెబుతున్నాను. గోరా దంపతులు 1940లో ముదునూరులో స్థాపించి, 1947లో మన పటమటకు తరలించిన నాస్తిక కేంద్రం సభలలో నా యవ్వనం గడిచింది. “రుజువు ఏది” అని అడగడం అక్కడ నేర్చుకున్నాను.

ముందు చరిత్ర. టారో పుట్టింది జోస్యం కోసం కాదు. 15వ శతాబ్దిలో ఉత్తర ఇటలీలోని మిలాన్, ఫెరారా వంటి నగరాలలో ప్రభువుల ఇళ్లలో ఆడుకున్న పేకాట అది. దాదాపు మూడు వందల ఏళ్ల తరువాత, 1781లో, కూర్ ద జెబెలాన్ అనే ఫ్రెంచి పండితుడు అది ప్రాచీన ఈజిప్టు జ్ఞానమని రాశాడు. ఈజిప్టు చిత్రలిపిని షాంపోల్యోఁ అనే మరో ఫ్రెంచి పండితుడు చదవగలిగింది 1822లో. అంటే ఎవరూ చదవలేని లిపిలోని జ్ఞానాన్ని ఆయన కార్డులకు అంటగట్టాడు. జోస్యం వ్యాపారం ఆ పునాది మీద లేచింది.

రెండోది మనసు చేసే మోసం. 1948లో బెర్ట్రం ఫోరర్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త తన 39 మంది విద్యార్థులకు ఒక పరీక్ష పెట్టి, ఎవరి ఫలితం వారికి విడిగా ఇస్తున్నట్టు ఒకే వర్ణనను అందరి చేతిలోనూ పెట్టాడు. అది తమకు ఎంత బాగా సరిపోయిందో అయిదుకు మార్కులు వేయమంటే సగటు 4.26 వచ్చింది. ఎవరికైనా సరిపోయే మాటను మనకోసమే చెప్పినట్టు స్వీకరించడం మనిషి స్వభావం. కత్తుల ఎనిమిది “నాకోసమే” అనిపించినప్పుడు ఈ సంగతి గుర్తు పెట్టుకోవాలి.

మూడోది నాకు అన్నింటికంటే ముఖ్యమైనది. బొమ్మలో సైతాను ఉన్నాడు కనుక తప్పు సైతానుదే అనుకునే ప్రమాదం ఉంది. శకుని పాచికలు మోసమే, కాని ఆడటానికి కూర్చున్నది ధర్మరాజు.

అరండల్‌పేట అక్షరం

అయ్యా, ఫోరర్ పరీక్ష గురించి నాకు తెలియదు, చెప్పినందుకు కృతజ్ఞతలు. నా మనసులోని మాట ఒక్కటే. ఆ విద్యార్థుల చేతికి వచ్చింది మరొకరు రాసిన వర్ణన. నా పుస్తకంలోని వర్ణన నేను రాసుకున్నది. ఆ పద్దు విషయంలో నేను మౌనంగా ఊరుకున్న సంగతి ఏ కార్డు మీదా లేదు.

రంగుల పెట్టె (గుంటూరు)

బ్రాడీపేటలో పిల్లలకు చిత్రలేఖనం నేర్పుతాను. జోస్యం మీద నాకు ఆసక్తి లేదు, ఈ బొమ్మలంటే చాలా ఇష్టం.

మీరు వర్ణిస్తున్నవన్నీ 1909లో లండన్‌లో రైడర్ సంస్థ ప్రచురించిన కట్టలోనివి. ఎలా ఉండాలో చెప్పినవాడు ఆర్థర్ ఎడ్వర్డ్ వెయిట్, గీసినది పమేలా కోల్మన్ స్మిత్ అనే చిత్రకారిణి. 78 కార్డులలో 22 పెద్ద చిత్రాలు, మిగిలిన 56 కర్రలు, గిన్నెలు, కత్తులు, నాణేలు అనే నాలుగు రంగులవి. ఫ్రాన్సులో ప్రసిద్ధమైన మార్సేయ్ కట్టలో కత్తుల ఎనిమిది అంటే ఎనిమిది కత్తుల అలంకారమే, మన పేకలో ఇస్పేటు ఎనిమిది మీద ఎనిమిది గుర్తులు ఉన్నట్టు. (ఇస్పేటు అన్న మాటకు మూలం కూడా కత్తి అని అర్థమిచ్చే దక్షిణ ఐరోపా పదమే. ఆ మాటను దినమూ పలుకుతూ దాని వెనక కత్తి ఉందని మనం ఎరగం.) ఆ చిన్న కార్డులలో కూడా మనుషులనూ, ఇళ్లనూ, మంచునూ, వంతెననూ పెట్టి ప్రతిదాన్నీ ఒక సన్నివేశంగా మార్చినది పమేలా. అరండల్‌పేట అక్షరం గారు కట్టులేని ఆ కాళ్లను చూడగలిగారంటే, ఒక చిత్రకారిణి వాటిని అలా గీసినందువల్లనే. అదే ఏడాది నవంబరులో ఆమె ఫోటోగ్రాఫర్ ఆల్‌ఫ్రెడ్ స్టీగ్లిట్జ్‌కు రాసిన ఉత్తరంలో, చాలా తక్కువ డబ్బుకు ఒక పెద్ద పని చేశానని చెప్పుకుంది. ఆ కట్ట లోకమంతా అమ్ముడుపోయింది. ఆమె 1951లో పేదరికంలోనే కన్నుమూసింది. ఈ బొమ్మలు వాడుకునే ప్రతివారూ ఆ పేరు తలుచుకోవాలని నా కోరిక.

వ్యసనం గురించి అడిగినవారు సైతాను ముక్కతోనే ఆగిపోకుండా బలం అనే కార్డును కూడా చూడాలి. మిలాన్ ప్రభువుల కోసం 15వ శతాబ్దిలో చేతితో వేసిన ఒక కట్టలో, బలం అంటే దుడ్డుకర్ర ఎత్తి సింహాన్ని కొట్టబోతున్న పురుషుడు. పమేలా బొమ్మలో తెల్లని బట్టలు కట్టిన స్త్రీ, వంగి సింహం నోటిని చేతులతో పట్టుకుని ఉంటుంది, చేతిలో ఆయుధం ఉండదు. నా దగ్గరకు వచ్చే పిల్లలలో గోళ్లు కొరికేవాడు ఒకడు ఉండేవాడు. వాళ్ల అమ్మ కొట్టేది, వేపాకు ముద్ద పూసేది. వాడి చేతికి మట్టి ముద్ద ఇచ్చిన రోజు నుంచి గంటసేపు గోరు జోలికి పోయేవాడు కాడు. అందరి వ్యసనమూ గోళ్లు కొరకడమంత చిన్నది కాదని తెలుసు. సింహాన్ని ఎలా పట్టుకోవాలన్న ఆలోచన మాత్రం ఆ రెండు బొమ్మల మధ్య ఉంది.

ఒక మనవి. అర్థాల పుస్తకం ముందు తెరవకండి. అయిదు నిమిషాలు బొమ్మను చూసి, కనిపించినదాన్ని మాత్రమే రాయండి. “బాధలో ఉంది” అని రాస్తే కొట్టేసి, “తల కొంచెం వంచింది, ఎర్రని గౌను వేసుకుంది” అని రాయండి.

వన్‌టౌన్ పెద్దమ్మ (విజయవాడ)

నేను చెబుతుంటే మా మనవరాలు టైపు చేస్తోంది. నాకు 71 ఏళ్లు. కాళేశ్వరరావు మార్కెట్ దగ్గర చిలక జోస్యం చెప్పేవాళ్లను చిన్నప్పటి నుంచి చూశాను. చిలక బయటికి వచ్చి, వరుసలోంచి ఒక కాగితం ముక్కుతో లాగి ఇచ్చి, గింజ తిని గూట్లోకి వెళ్లిపోయేది. దాని మీది దేవుడి బొమ్మ చూసి జోస్యం చెప్పేవాడు చెప్పినదంతా మాకు నమ్మకంగా ఉండేది. అప్పట్లో మేము అడిగినవి పెళ్లి, ఉద్యోగం, కోర్టు వ్యవహారం. నాలో ఉన్న చెడ్డ గుణం ఏమిటని చిలకను అడిగినవాళ్లను ఒక్కరినీ చూడలేదు. మీరు అడుగుతున్నారంటే ఆశ్చర్యంగానూ, సంతోషంగానూ ఉంది.

మనకు కామ క్రోధ లోభ మోహ మద మాత్సర్యాలని ఆరుగురు శత్రువులను పెద్దలు చెప్పారు. సప్తవ్యసనాలు వేరే చెప్పారు, అందులో జూదం, తాగుడుతో పాటు పరుషంగా మాట్లాడటాన్నీ, డబ్బు వృథా చేయడాన్నీ కలిపారు. పేర్లు అందరికీ కంఠస్థమే, అయితే అవి పుస్తకంలో ఉన్నట్టు సొంత పేరుతో మన ఇంటికి రావు. లోభం జాగ్రత్త అనే పేరుతో వస్తుంది. మదం ఆత్మగౌరవం అంటుంది. క్రోధం పిల్లల మంచి కోసమే అంటుంది.

మా మనవరాలు నాకు నాణేల నాలుగు అనే బొమ్మ చూపించింది. ఒకడు నాణేన్ని రెండు చేతులతో గుండెకు అదుముకుని కూర్చున్నాడు, నెత్తిన ఒకటి, రెండు పాదాల కింద రెండు. దాన్ని చూసి నవ్వుతూ “వీడు లేచి నడవలేడే” అన్నాను. అన్న తరువాత నా చేయి నడుముకు పోయింది, బీరువా తాళాలు అక్కడే ఉంటాయి. మా కోడలు వచ్చి 22 ఏళ్లయింది. పాలవాడికి డబ్బు ఇవ్వాలన్నా నన్ను అడగాలి. “నేను చూసుకోకపోతే ఈ ఇల్లు నిలవదు” అని నా నమ్మకం. తాళాలు ఇచ్చేశానని రాస్తే మీరు మెచ్చుకుంటారు గాని, ఇంకా ఇవ్వలేదు. రెండు రోజులు దేవుడి గూట్లో పెట్టి చూశాను, మూడో రోజు మళ్లీ తీసుకున్నాను.

ఇంకొక్క మాట. మా ఆయన ఏటా భవానీ దీక్ష తీసుకునేవారు. దీక్షలో ఉన్న 41 రోజులూ సిగరెట్టు ముట్టేవారు కాదు. కొండకు వెళ్లి అమ్మవారి దర్శనం చేసుకుని మాల తీసిన మర్నాడే వెలిగించేవారు. “అమ్మకు మొక్కుకుంటేనే మానగలను, నా అంతట నేను మానలేను” అనేవారు. నలభై ఒక్క రోజులు మానినది ఆయనే కదా! ఆ మాట ఆయనతో ఒక్కసారి కూడా అనలేకపోయాను.

సలహాల గది (విజయవాడ)

నేను కౌన్సెలింగ్ వృత్తిలో ఉన్నాను. నా దగ్గరకు వచ్చేవారికి టారో వాడను. ఒకవేళ ఎవరైనా బొమ్మ తీసుకువచ్చి దాని గురించి మాట్లాడితే వద్దనను. పెద్దమ్మ గారు చివర రాసిన నాలుగు వాక్యాలలో మా చదువులోని ఒక ముఖ్యమైన పాఠం ఉంది కనుక అక్కడి నుంచి మొదలుపెడతాను.

1960లలో ఆరన్ బెక్ అనే మనోవైద్యుడు, కుంగుబాటుతో బాధపడేవారి మనసులో తమంతట తామే మెదిలే ఆలోచనలను గమనించి, వాటిని తీర్పులుగా కాక పరీక్షించవలసిన ఊహలుగా చూసే చికిత్సను రూపొందించాడు. “నా అంతట నేను మానలేను” అన్నది అటువంటి ఆలోచన. దాన్ని కాగితం మీద పెట్టి, ఒక పక్క దాన్ని సమర్థించే సంఘటనలు, ఇంకొక పక్క దానికి ఎదురు చెప్పే సంఘటనలు రాయిస్తాము. ఆయన విషయంలో రెండో పక్క ఏటా 41 రోజులు చేరుతూ వచ్చాయి, ఎవరూ లెక్క వేయలేదు. బొమ్మ చూసి రాసేవారు కూడా ఈ రెండు పక్కలూ రాయాలి. బొమ్మ పుట్టించిన భావం ఎంత గాఢంగా ఉన్నా అది సాక్ష్యం కాదు.

పావుగంట రాయడం గురించి. జేమ్స్ పెన్నెబేకర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహ పరిశోధకురాలు 1986లో ప్రచురించిన ప్రయోగంలో, విద్యార్థుల చేత తమ జీవితంలోని గాయాల గురించి రోజుకు 15 నిమిషాల చొప్పున నాలుగు రోజులు రాయించారు. అలా రాసినవారికి రాసిన వెంటనే మనసు మరింత బరువెక్కింది, తరువాతి నెలలలో వారు ఆరోగ్య కేంద్రానికి వెళ్లవలసిన అవసరం తగ్గింది. కనుక రాసిన రాత్రి నిద్ర పట్టకపోతే భయపడకండి. అదే బాధ రోజులు గడిచినా తగ్గకుండా పెరుగుతుంటే మాత్రం పుస్తకం మూసి మనిషితో మాట్లాడాలి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలి మానస్‌కు 14416 నంబరులో తెలుగులోనే మాట్లాడవచ్చు. మత్తు పదార్థాల అలవాటుకు 14446 ఉంది. రోజూ ఎక్కువగా తాగేవారు ఏదో బొమ్మ చూసి ఒక్క రోజులో హఠాత్తుగా మానేస్తే వణుకు, మూర్ఛ వంటి ప్రాణాపాయ లక్షణాలు రావచ్చు. అది తప్పక వైద్యుడి పర్యవేక్షణలో జరగాలి.

ఎంచుకోవాలా, చూడకుండా తీయాలా అన్నదానికి నా అభిప్రాయం ఇది. ఎంచుకున్నప్పుడు మనకు ఇష్టమైన నేరాన్నే ఒప్పుకునే వీలుంది. చూడకుండా తీసినప్పుడు మనం తలచుకోని వైపు చూడవలసి రావచ్చు. నచ్చలేదని మళ్లీ తీయడం, మళ్లీ నచ్చక మూడోసారి తీయడం మొదలైతే, అది అచ్చంగా కృష్ణ ఒడ్డు గారు చెప్పిన “పోగొట్టుకున్న చోటే” ఆట. ఆయన తనకు గీసుకున్న హద్దు సరైనది. మన చుట్టూ ఉన్న గీతలన్నీ చెరపవలసినవి కావు.

పటమట పాఠకుడు

పెద్దమ్మ గారు తాళాలు మళ్లీ తీసుకున్నానని రాసిన వాక్యం దగ్గర చాలాసేపు ఆగాను. జోస్యం చెప్పేవాడు ఎవడూ అలాంటి వాక్యం చెప్పించలేడు. నా అభ్యంతరాన్ని సవరించుకుంటున్నాను. కార్డుకు ఏదో తెలుసు అన్న మాట మీద నా పోరాటం సాగుతుంది. కార్డుకు ఏమీ తెలియదని ఒప్పుకుని, దాని ముందు తనకు తెలిసినదాన్ని రాసుకునేవారితో నాకు తగాదా లేదు.

మాటతో సరిపెట్టడం నాకు ఇష్టం లేక, నిన్న రాత్రి మా అబ్బాయి ఫోనులో ఆ బొమ్మలన్నీ వరసగా చూశాను. కత్తుల అయిదు దగ్గర ఆగిపోయాను. గెలిచినవాడు కత్తులు పోగు చేసుకుని నిలబడ్డాడు, ఓడిన ఇద్దరు వీపులు చూపించి వెళ్లిపోతున్నారు. వాదనలో గెలవడం నాకు యాభై ఏళ్లుగా వ్యసనం. మా తమ్ముడు మా ఇంటికి రావడం మానేసి పదకొండేళ్లయింది. ఆ రోజు నేను చెప్పినది సరైనదేనని ఇప్పటికీ నమ్ముతాను.

కృష్ణ ఒడ్డు

సలహాల గది గారు “ఇష్టమైన నేరాన్నే ఒప్పుకునే వీలుంది” అని రాశారు. ఆ మాట నన్ను మూడు రోజులు వదలలేదు. సైతాను ముక్కను నేను ఎన్నిసార్లయినా చూడగలను, ఎందుకంటే ఆడిన సంగతి ఇంట్లో అందరికీ తెలిసిపోయింది. దానిలో నాకు కొత్తగా పోయేది లేదు.

చూడకుండా తీయడం నాకు వద్దు కనుక, రంగుల పెట్టె గారి మాట ప్రకారం బొమ్మలు వరసగా చూస్తూ, ఏది చూడగానే వేలు తొందరగా పక్కకు జరిపిందో దాన్ని గుర్తు పెట్టుకున్నాను. అది కత్తుల ఏడు. ఒకడు గుడారాల దగ్గర నుంచి అయిదు కత్తులు చేతులలో పట్టుకుని, మునివేళ్ల మీద, వెనక్కి చూస్తూ వెళుతున్నాడు. రెండు కత్తులు అక్కడే నేలలో దిగి ఉన్నాయి. కనిపించినదే రాయమన్నారు కనుక “అయిదు తీసుకువెళ్లాడు, రెండు వదిలాడు” అని రాసి, కలం కింద పెట్టేశాను.

రెండేళ్ల క్రితం మా మామగారి ముందు కూర్చుని అప్పులన్నీ చెప్పినప్పుడు నేను చెప్పినవి అయిదు. చెప్పనివి రెండు. చిన్న మొత్తాలు, నేనే తీర్చుకుంటాను, మళ్లీ వాళ్లను ఎందుకు బాధపెట్టాలి అనుకున్నాను. దానికి నేను పెట్టుకున్న పేరు బాధ్యత. ఇవాళ్టికీ వడ్డీ మాత్రమే కడుతున్నాను. ఆ వడ్డీ కోసం దుకాణం గల్లాలోంచి మా ఆవిడకు తెలియకుండా డబ్బు తీస్తున్నాను. ఆట మానేశాను గాని, ఆ రోజులలో చేసిన పనే చేస్తున్నాను.

పటమట పాఠకుడు

బాబూ, అప్పులు ఏడు కావడం, కత్తులు ఏడు కావడం కాకతాళీయం. అందులో సందేశం వెతకకండి. ఇంట్లో చెప్పండి.

సలహాల గది

చెప్పేటప్పుడు ఆమె కోపాన్ని తగ్గించే ప్రయత్నం చేయకండి. మొత్తం ఎంతో, ఎవరికో, వడ్డీ ఎంతో ఒక కాగితం మీద రాసి ఇవ్వండి. ఆ వెంటనే క్షమాపణ కోసం ఎదురుచూడవద్దు.

వన్‌టౌన్ పెద్దమ్మ

అన్నం తిన్న తరువాత చెప్పు నాయనా, ముందు చెప్పకు.

కృష్ణ ఒడ్డు

నిన్న రాత్రి చెప్పాను. కాగితం ఇచ్చాను. మా ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. తరువాత ఆమె అడిగిన మొదటి ప్రశ్న, ఇంకేమైనా ఉన్నాయా అని. లేవని చెప్పాను, నిజంగానే లేవు. రెండో ప్రశ్న, ఈ రెండింటిలో ముందు ఏది తీర్చాలి అని. నాకు తెలియలేదు. 80,000 ఒకటి, నూటికి రెండు రూపాయల వడ్డీ. 45,000 ఒకటి, నూటికి మూడు రూపాయలు. నెలకు పది వేలు తీయగలమని ఆమె అంటోంది. పెద్దది ముందు తీర్చాలని నాకు అనిపిస్తోంది. అక్కా, లెక్కలు తెలిసినవారు కనుక మిమ్మల్ని అడుగుతున్నాను.

అరండల్‌పేట అక్షరం

తమ్ముడూ, పెద్దది ముందు వద్దు, మూడు రూపాయల వడ్డీది ముందు తీర్చండి. ఇప్పుడు మీరు నెలకు మొదటిదానికి 1,600, రెండోదానికి 1,350, మొత్తం 2,950 రూపాయలు వడ్డీకే కడుతున్నారు. పది వేలలో 80,000 అప్పుకు వడ్డీ 1,600 కట్టి, మిగిలినదంతా 45,000 అప్పుకు జమ చేయండి. మొదటి నెలలో అసలు 37,950కి దిగుతుంది, ఆరో నెలలో ఆ అప్పు పూర్తిగా తీరుతుంది. కట్టిన ప్రతిసారీ నోటు వెనక అసలుకు ఎంత, వడ్డీకి ఎంత అని విడివిడిగా రాయించి, సంతకం పెట్టించుకోండి. ఆరో నెల తరువాత 80,000 అప్పు లెక్క వేసి పంపుతాను.

ఈ శనివారం మా కోల్డ్ స్టోరేజీలో రైతుల సమావేశం ఉంది. అద్దె బకాయిల మీద వడ్డీ ఎలా పడుతుందో వివరించే పని నేను చేస్తానని ఆ అమ్మాయికి నిన్న చెప్పాను. ఆమె సరే అంది. పాత పద్దు విషయం ఇంకా చెప్పలేదు, సమావేశానికి ముందే చెప్పాలని ఉంది. మీ ఆవిడ గారికి వేసిన ఈ లెక్కనే ముందు నాలుగుసార్లు పైకి చదువుకుని చూస్తాను.